తాడు లేని బరమ

డ్రిల్లు ఆగింది. ఆగింది కాబట్టే కరుణమ్మ చెయ్యి పెట్టింది.

ఆ తర్వాత జరిగిందంతా ఐదారు సెకన్లు. ప్రేమదాసు మాత్రం ఆ ఐదారు సెకన్లను ఏళ్ల తరబడి తిరగేసుకున్నాడు. ఎక్కడ ఆపి ఉండవచ్చో అతనికి బాగా తెలుసు. అంతకు రెండు నెలల ముందే ఆపి ఉండవచ్చు. ఆ తర్వాత గంటన్నరకు కూడా, కనీసం సగం నష్టాన్ని, ఒక్క మాటతో ఆపి ఉండవచ్చు. అతన్ని నిద్రపోనివ్వనిది ఆ చివరిదే.

రెండు నెలల ముందంటే 1969 మార్చి. మొయినాబాదు చుట్టుపక్కల ఊళ్లలో బోర్లు వేయించడానికి వచ్చిన క్రైస్తవ మిషన్ ఇంజనీరు దొర తన దేశానికి తిరిగి వెళ్లిపోతున్నాడు. అతని దగ్గర రెండేళ్లు చెక్కపని అంతా చేసింది ప్రేమదాసే. మిషన్ బడిలో వడ్రంగం నేర్చుకుని, రోడ్డు పక్కన చిన్న కొట్టు పెట్టుకున్న మనిషి. ముప్పై ఏళ్లుంటాయి. సామాను పెట్టెలకు మేకులు కొట్టడం పూర్తయ్యాక దొర ఒక ఇనుప డబ్బా తెచ్చి అతని చేతిలో పెట్టాడు.

లోపల తుపాకీ ఆకారంలో ఒక యంత్రం. దానికి వైరు లేదు.

"బ్యాటరీ," అన్నాడు దొర, పిడి అడుగున తట్టి. మీట నొక్కాడు. ముందున్న, రంధ్రం తొలిచే బిట్టు గిర్రున తిరిగింది.

దొరకు వచ్చిన తెలుగు వంద మాటలుంటాయేమో. ఆ రోజు వాటిని చాలా పొదుపుగా, జాగ్రత్తగా వాడాడు. పిడి అడుగునున్న బ్యాటరీని మెలిపెట్టి బయటికి లాగి చూపించాడు. "పని లేదు, బ్యాటరీ బయట. బిట్టు మార్చు, బ్యాటరీ బయట. బిట్టు తుడువు, బ్యాటరీ బయట." చెక్కను బల్లకు బిగించే ఇనుప క్లాంపు ఒకటి ఇచ్చి, ప్రేమదాసు పాదాలవైపు వేలు చూపి తల అడ్డంగా ఊపాడు. తన చొక్కా చేతిని బిట్టు దగ్గరికి తెచ్చి, అది చుట్టుకుపోతున్నట్టు అభినయించి, "బట్ట, దూరం" అన్నాడు. చివరగా మీట పక్కనున్న చిన్న బొత్తాన్ని చూపించాడు. మీట నొక్కి పట్టి ఆ బొత్తాం కూడా నొక్కితే, వేలు తీసేసినా యంత్రం తిరుగుతూనే ఉంటుంది. మీట మళ్లీ గట్టిగా నొక్కి వదిలితేనే ఆగుతుంది. "ఇది ముట్టుకోకు," అన్నాడు.

ప్రేమదాసు అన్నింటికీ తల ఊపాడు. ఇంటికి వచ్చి క్లాంపును పనిముట్ల సంచిలో పడేశాడు. నేలమీద కూర్చుని, రెండు పాదాల మధ్య చెక్కను ఇరికించుకుని పనిచేసే మనిషి అతను. తన పాదాలకంటే మంచి బిగింపు ఏ దేశంలోనూ తయారు కాలేదని అతని నమ్మకం.

"దీనికి తాడేది?" అని అడిగింది అత్త బీరమ్మ. కూతురి ఇంట్లోనే ఉంటుంది. నోరు పదును.

"తాడు లేదు, వైరు లేదు. అన్నీ దీని కడుపులనే ఉన్నయి అత్తమ్మ."

"అన్నీ కడుపుల పెట్టుకునేటోన్ని నమ్మొద్దు బిడ్డా."

"నువ్వు నన్నే నమ్మవు. దీన్నేం నమ్ముతవు?"

కరుణమ్మ నవ్వింది. ఆ ఇంట్లో రంధ్రం వేయడమంటే ఇద్దరి పని. పాత బరమకు కర్ర ఉంటుంది, దానికి తాడు చుట్టి ఉంటుంది. ఒకరు కర్రను నిలబెట్టి పైనుంచి అదిమి పట్టుకుంటే, ఎదురుగా కూర్చున్నవారు తాడును ఇటూ అటూ లాగుతారు. పెళ్లయిన ఎనిమిదేళ్లుగా ఆ ఎదురుగా కూర్చునేది కరుణమ్మే. నాలుగు లాగులు లాగి ఆపుతుంది. కొంగు కొసను వేలికి చుట్టుకుని బరమ ముక్కును తుడుస్తుంది. పొట్టు రాలగొట్టి మళ్లీ లాగుతుంది. తుడవకపోతే పొట్టు లోపల బిగుసుకుని ముక్కు వేడెక్కుతుంది. ఎనిమిదేళ్లలో ఆమె వేలికి ఒక్క గీత పడలేదు. తాడు తన చేతిలోనే ఉన్నప్పుడు ఆమె లాగకుండా బరమ ఎలా తిరుగుతుంది?

దొర యంత్రానికి ఇంట్లో తాడు లేని బరమ అని పేరు పడింది. కరుణమ్మ పాత పద్ధతిలోనే ఎదురుగా కూర్చునేది. ప్రేమదాసు మీట వదలగానే కొంగుతో బిట్టు తుడిచేది. మొదటి వారం ఒకటి రెండుసార్లు ప్రేమదాసుకు దొర మాట గుర్తొచ్చింది. ప్రతిసారీ బ్యాటరీ ఊడదీసి పెట్టాలంటే పని సాగదు. మీట మీద వేలు తీసి పెట్టుకుంటే చాలదా అనుకున్నాడు. రెండు నెలలు చాలింది కూడా.

ఆ రెండు నెలల్లో ఆ ఇంట్లో యంత్రంకంటే పెద్ద సంగతి ఇంకొకటి ఉంది. కరుణమ్మ టైపు పరీక్ష లోయర్ పాసయింది. చేవెళ్ల పంచాయతీ సమితి ఆఫీసులో టైపిస్టు పోస్టు ఉందని తెలిసి, స్థానికురాలినని చూపే ముల్కీ సర్టిఫికెట్ జతచేసి దరఖాస్తు పెట్టింది. పిలుపు వచ్చింది. మే నెల చివరి సోమవారం పరీక్ష. చర్చిలో మూలపడి ఉన్న పాత టైపు మిషనును పాస్టరుగారు సాధన కోసం ఇంటికి ఇచ్చారు. తెల్లవారుజాము నుంచి టకటకమని దాని చప్పుడే. నిమిషానికి ముప్పై మాటలు కొట్టాలి. కరుణమ్మ ముప్పై ఎనిమిది కొడుతోంది. ప్రేమదాసు కొట్టులో దూగోడాతో చెక్క చిత్రిక పడుతూ కూడా ఆ చప్పుడునే తలుచుకునేవాడు. తమ వాడకట్టులో ఆఫీసు కుర్చీలో కూర్చోబోయే మొదటి ఆడమనిషి తన భార్య.

సోమవారం పరీక్ష అనగా అంతకుముందు గురువారం బంద్.

పట్నంలో కర్ఫ్యూ. బస్సులు లేవు. ఎవరు తెరిచినా రాళ్లు పడతాయి కాబట్టి రోడ్డుమీద కొట్లన్నీ మూతపడ్డాయి. పొద్దున ఏడింటికి సురంగల్ నుంచి మాణిక్యం ట్రాక్టర్ మీద వచ్చాడు. నలభై ఎకరాల ఆసామి, ప్రత్యేక రాష్ట్ర ఉద్యమ కమిటీలో మనిషి. ట్రాలీలో నలభై తుమ్మ కర్రలు, నలభై పలకలు ఉన్నాయి. పలకల మీద నినాదాలు అప్పటికే రాసి ఉన్నాయి. పలకలను కర్రలకు బిగించాలి.

"పదకొండు గంటలకు ఊరేగింపు," అన్నాడు. "తుమ్మకు సీదా మేకు కొడితే పగులుతున్నది. రంధ్రాలు వేసి మేకులు దించాలె. నీ దొర మిషను ఉన్నదిగదా, బయటికి తియ్యి."

"కొట్టు తెరిస్తే మీవోళ్లే రాళ్లేస్తరు పటేలా."

"కొట్టెందుకు? ఇంట్ల కూసోని చెయ్. మా రాళ్లు ఇంట్లకు రావు."

ప్రేమదాసు అరుగు మీద కూర్చుని కర్రను పాదాల మధ్య ఇరికించుకున్నాడు. లోపల టైపు మిషను చప్పుడు వినిపిస్తోంది.

"కరుణా, జర రావే. పొట్టు తుడువు."

"నాలుగు లైన్లున్నయి. కొట్టి వస్త."

"తర్వాత కొట్టుకో. పటేలు నిలబడ్డడు."

చప్పుడు ఆగింది. ఆమె వచ్చి ఎదురుగా కూర్చుంది.

మొదటి ఇరవై కర్రలు అరగంటలో అయిపోయాయి. ఎండుతుమ్మ రాయిలా ఉంటుంది. అయినా బిట్టు దిగుతోంది, పొట్టు సన్నగా ఎగురుతోంది. వాడకట్టు పిల్లలు గోడెక్కి చూస్తున్నారు. మాణిక్యం బీడీ ముట్టించుకుని నవ్వాడు.

"ఇగ గీ మిషను వచ్చినంక నీకు పెండ్లం పని లేకపాయె ప్రేమదాసూ."

"ఎందుకు లేదు పటేలా, తుడిచేదెవరు?"

"ఆఫీసరమ్మ అయితే ఇగ తుడుస్తదా? నీతోనే తుడిపిస్తది."

ఆ మాటకు కరుణమ్మ కూడా నవ్వింది. ప్రేమదాసు బిట్టును రంధ్రంలోంచి పైకి తీసి, మీట వదిలి, జవాబు చెప్పడానికి మాణిక్యంవైపు తిరిగాడు. బిట్టు ఆగింది. కరుణమ్మ కొంగు కొసను కుడిచేతి చూపుడువేలికి చుట్టుకుని ముందుకు వంగింది.

ప్రేమదాసు చేతికి చెమట పట్టింది. బరువైన యంత్రం జారుతున్నట్టనిపించి పిడిని గట్టిగా సర్దుకున్నాడు. సర్దుకోవడంలో వేలు మీటను నొక్కింది. బొటనవేలు పక్కనున్న బొత్తాన్ని నొక్కింది.

కొంగు చుట్టుకుంది. కొంగుతో పాటు వేలు, పక్కవేలు కూడా.

ఆమె అరిచేలోపే అతను మీట వదిలాడు. యంత్రం ఆగలేదు. మళ్లీ మీట నొక్కి వదిలితే ఆగుతుందన్నది ఆ క్షణంలో అతనికి తట్టలేదు. "వైరు పీకు, వైరు పీకు" అంటున్నాడు మాణిక్యం. ప్రేమదాసు ఎడమచెయ్యి నిజంగానే గోడవైపు వెళ్లింది, లేని వైరు కోసం. గోడ మీద ఏమీ దొరకలేదు. అప్పటికి చీర కొంగు బిట్టుకు ముద్దలా చుట్టుకుపోయి, ఆ బిగువుకు యంత్రమే మూలుగుతూ నిలిచిపోయింది.

బ్యాటరీ అప్పుడు ఊడదీశాడు. బీరమ్మ కత్తిపీట తెచ్చి కొంగు కోసింది. మధ్యవేలు వంకర తిరిగింది. చూపుడువేలు మొదట్లో చర్మం మెలికపడి చీలింది. లోపల తెల్లగా ఏదో కనిపించింది. తువ్వాలు చుట్టారు.

"చేవెళ్ల మిషన్ దవాఖాన," అన్నాడు మాణిక్యం. "పట్నం పోనియ్యరు. ట్రాక్టరెక్కు."

ట్రాలీలో కరుణమ్మను పడుకోబెట్టి, ఆమె చేతిని తన ఒళ్లో పైకెత్తి పట్టుకుని కూర్చున్నాడు ప్రేమదాసు. ఆమె ఏడవడం లేదు. పైకి చూస్తూ ఉంది. కొంతదూరం పోయాక అడిగింది.

"సోమవారం వరకు తగ్గుతదా?"

"తగ్గుతది."

"జె, హెచ్, ఎన్ అన్నీ ఈ వేలే కొట్టాలె."

అతను ఆ చేతిని ఇంకాస్త పైకెత్తి పట్టుకున్నాడు.

కనకమామిడి దగ్గర రోడ్డుకు అడ్డంగా బండరాళ్లు ఉన్నాయి. అక్కడ కాపలా ఉన్న ఉద్యమం కుర్రాళ్లు మాణిక్యాన్ని గుర్తుపట్టి రెండు రాళ్లు పక్కకు దొర్లించారు. అసలు చిక్కు వాళ్లతో కాదు. రాళ్ల అవతల పోలీసు జీపు ఆగి ఉంది. అంతకుముందు వారం ఎవరో టెలిఫోన్ తీగలు తెంపారు. పనిముట్లతో కనిపించిన ప్రతివాడినీ ఆపి అడుగుతున్నారు.

జీపు ఇంకా వంద గజాలు ఉండగానే మాణిక్యం మెడ తిప్పి తక్కువ గొంతుతో అన్నాడు.

"మిషను సంగతి చెప్పకు. ఎవనికోసం రంధ్రాలు వేస్తున్నవని అడుగుతరు. నన్ను లోపలేస్తరు, నీ మిషను గుంజుకపోతరు. సైకిల్ చైన్ల వేళ్లు పడ్డయని చెప్పు."

"సరే పటేలా."

"దవాఖానల కూడ గదే చెప్పు. పోలీసోళ్లు ఆడ కూడ అడుగుతరు."

జీపు దగ్గరున్న పోలీసు జమాదారు తువ్వాలు విప్పమనలేదు. దాని మీద మరకలు చూసి చాలనుకున్నాడు. "ఏమైంది?"

"సైకిల్ చైను," అన్నాడు మాణిక్యం.

జమాదారు ప్రేమదాసువైపు చూశాడు. "నీ పెండ్లామా? నువ్వు చెప్పు."

"సైకిల్ చైనే సార్. చక్రం కడుగుతుంటే."

కరుణమ్మ కళ్లు తెరిచి భర్తను చూసింది. మళ్లీ మూసుకుంది. జీపు పక్కకు జరిగింది.

అక్కడ చెప్పిన అబద్ధానికి ప్రేమదాసు తరువాత ఎప్పుడూ అంతగా బాధపడలేదు. అది లేకపోతే ట్రాక్టర్ కదిలేదే కాదు. బాధంతా ఆ తర్వాతి అబద్ధం గురించి.

దవాఖానలో డాక్టరమ్మ ఉంది. యాభై దాటిన మనిషి. బంద్ అని ఆమెకెవరూ చెప్పలేదేమో అన్నట్టు వరండా నిండా రోగులను కూర్చోబెట్టుకుని చూస్తోంది. కరుణమ్మను చూడగానే మిగతావాళ్లను ఆపి లోపలికి తీసుకుపోయింది. తువ్వాలు విప్పి, నీళ్లు పోసి కడిగి, చాలాసేపు వేళ్లవైపు చూసింది.

"దేంట్ల పడ్డయి?"

"సైకిల్ చైన్ల అమ్మా."

"చైన్లనా." ఆమె చేతిని దీపం కిందికి తిప్పింది. "చైనైతే మచ్చుకన్న గ్రీజు ఉంటది. ఇక్కడ గ్రీజు లేదు."

"కడిగిన చైనమ్మా."

"చైను నలుగగొడ్తది. ఇది మెలిపడ్డది. బట్ట పిండినట్టున్నది." తల ఎత్తి సూటిగా చూసింది. "చూడు నాయనా. దొంగతనం చేసినవో, కొట్టుకున్నవో నాకు పనిలేదు. ఏం తగిలిందో తెలిస్తే నేను ఏం వెతుకాలెనో తెలుస్తది. పోలీసోళ్లకు నేను చెప్ప. ఇంకోసారి అడుగుతున్న. దేంట్ల పడ్డది?"

వరండాలో కంపౌండరు ఉన్నాడు. తలుపు దగ్గర మాణిక్యం నిలబడి ఉన్నాడు. ప్రేమదాసుకు ఒక్క క్షణంలో చాలా కనిపించాయి. యంత్రాన్ని జీపులో వేసుకుపోతున్న పోలీసులు. మాణిక్యం జైలు. అన్నిటికంటే ఎక్కువగా వాడకట్టు మొత్తం. దొర బొమ్మతో ఆడుకుంటూ పెండ్లం చెయ్యి పోగొట్టాడంటారు. నిజానికి ఆ చివరిదే అతని నోరు కట్టేసింది. మిగతా రెండూ తరువాత తనకు తాను చెప్పుకున్న సాకులు.

"సైకిల్ చైనే అమ్మా," అన్నాడు.

డాక్టరమ్మ కరుణమ్మవైపు తిరిగింది. "నువ్వు చెప్పు బిడ్డా."

కరుణమ్మ భర్త ముఖం చూసింది. అతని పెదవులు ఎండిపోయి ఉన్నాయి. "చైనే," అంది.

డాక్టరమ్మ పని మొదలుపెట్టింది. మధ్యవేలికి చెక్క కట్టింది. చూపుడువేలి గాయాన్ని పైపైన శుభ్రం చేసి కుట్లు వేసింది. సూది ఇచ్చింది. "మంచిగ నడిస్తే నెలల వేలు వంగుతది. జరమొస్తే వెంటనే తీసుకరా. పొద్దు చూసుకుంట కూసోకు."

తిరిగి వస్తుంటే మాణిక్యం ట్రాక్టర్ ఆపి, ట్రాలీ వెనక్కి వచ్చి, ప్రేమదాసు భుజం మీద చెయ్యి వేశాడు. "గట్టిగ నిలబడ్డవు," అన్నాడు. ప్రేమదాసుకు ఆ మాట ఆ రోజు కొంచెం ధైర్యమిచ్చింది కూడా.

శుక్రవారం బాగానే గడిచింది. శనివారం వేలు నల్లబారినట్టు కనిపించింది. కుట్ల దగ్గర వేడి. కరుణమ్మ ఎడమచేత్తో టైపు మిషను మీద ఒక్కొక్క అక్షరమే కొడుతూ కూర్చుంది. సోమవారం ఒంటిచేత్తోనైనా పోతానంది. శనివారం సాయంత్రానికి మణికట్టు వరకు ఎర్రగా వాచింది. చలి, జ్వరం.

"ఇంకేం చూస్తవ్ అల్లుడా?" అంది బీరమ్మ. "డాక్టరమ్మ జరమొస్తే రమ్మన్నదిగదా."

"పొద్దున పోదాం అత్తమ్మ. ఇప్పుడు బండ్లు లేవు."

"మాణిక్యం పటేలు బండి లేదా? ఆ రోజు ఊరేగింపు కోసం దొరికె. ఈ రోజు దొరకదా?"

నిజానికి ట్రాక్టర్ ఉంది. అడిగితే వస్తుంది. కానీ దవాఖానకు పోతే డాక్టరమ్మ మళ్లీ అదే అడుగుతుంది. ఈసారి అబద్ధం చెప్పలేనని ప్రేమదాసుకు తెలుసు. అందుకే పొద్దుటి వరకు ఆగాడు. ఆ పన్నెండు గంటలు కూడా తన ఖాతాలోనే వేసుకున్నాడు.

ఆదివారం పొద్దున చర్చి గంట కొడుతుండగా ట్రాక్టర్ చేవెళ్ల చేరింది. డాక్టరమ్మ కట్టు విప్పి, ముక్కు దగ్గరికి తెచ్చుకుని వాసన చూసింది. అతనివైపు తలెత్తకుండానే అడిగింది.

"ఇప్పుడు చెప్పు."

ప్రేమదాసు చెప్పాడు. తిరిగే బిట్టు, తుమ్మ పొట్టు, చీర కొంగు, ఆగని బొత్తాం. చెబుతుంటే గొంతు తడబడలేదు. అదే అతనికి సిగ్గనిపించింది. ఇంత తేలికైన మాటలను మూడు రోజులు మింగుకుని కూర్చున్నాడు.

డాక్టరమ్మ విని లేచింది. చేతులు కడుక్కుంటూ, అటు తిరిగే మాట్లాడింది.

"తిరిగే బిట్టు కొంగును చుట్టుకుంటే, నరం పైన మోచేతి దాకా గుంజుకపోతది. కొంగు పోగులు, చెక్క పొట్టు లోపలికి పోయి కూసుంటయి. ఆ రోజే చెప్పి ఉంటే మణికట్టు దాకా కోసి అన్నీ కడిగి, కుట్లు వెయ్యకుండ తెరిచే ఉంచుతుంటి. చైనంటివి. నేను కూడ నమ్మినట్టు చేసి, మీద మీద కుట్టి పంపిన. చీమును లోపలేసి తలుపు మూసినట్టయింది."

"వేలు?"

"వేలు పోతది నాయనా. చెయ్యి ఉంటదా లేదా అని నేను చూస్తున్న."

ఆ పగలంతా ప్రేమదాసు వరండాలో కూర్చున్నాడు. మాణిక్యం రెండుసార్లు వచ్చి పక్కన కూర్చున్నాడు.

"నేనే చెప్పమన్న," అన్నాడు రెండోసారి. "తప్పు నాదే ప్రేమదాసూ."

"రోడ్డు మీద చెప్పింది నువ్వు చెప్పమంటెనే పటేలా. లోపల చెప్పింది నేను."

మాణిక్యం లేచి ట్రాక్టర్ దగ్గరికి వెళ్లి ఒంటరిగా నిలబడ్డాడు.

సాయంత్రం నాలుగింటికి డాక్టరమ్మ బయటికి వచ్చింది. గాయం లోపలి నుంచి ఆకుపచ్చ పోగులు తీసి ఒక గాజుపలక మీద పెట్టి ఉంచింది. కరుణమ్మ చీర కొంగువే. చేయి దక్కింది. చూపుడువేలు మొదలంటా పోయింది. మధ్యవేలు ఉంది, కానీ ఇక వంగదు.

సోమవారం పరీక్ష జరగలేదు. ఉద్యమం వల్ల ఆఫీసులన్నీ మూసి ఉన్నాయి. పరీక్ష జూలైకి వాయిదా పడిందని కార్డు వచ్చింది. ఆ కార్డు చదివినప్పుడు ప్రేమదాసు చాలాసేపు దాన్ని కింద పెట్టలేకపోయాడు. గురువారం నాడు ఒక్క నిజం చెప్పి ఉంటే, జూలై నాటికి ఆ వేలు ఎంతో కొంత వంగేది.

కరుణమ్మ మాత్రం కార్డు చూడగానే టైపు మిషను ముందుకు లాక్కుంది.

"ఏడు వారాలున్నది. ఇంకో వేలుకు నేర్పుకుంట."

"ఆ వేలు వంగదాయె."

"నాలుగో వేలు ఉన్నదిగదా. దానికి ఇన్నేండ్లు పనేమున్నది, ఊకె ఉంగరం పెట్టుకుని కూసున్నది."

బీరమ్మ కొంగులో మొహం పెట్టుకుని ఏడ్చింది. కరుణమ్మ తల్లిని కసిరింది. జూన్ అంతా ఆ ఇంట్లో చప్పుడు ఆగలేదు. మొదట్లో చెల్లాచెదురుగా, తరువాత కొంత సరిగా. నిమిషానికి పన్నెండు. పదిహేను. ఇరవై. ప్రేమదాసు కొట్టుకు పోయినా, ఆ లెక్క కోసం మధ్యాహ్నం ఏదో ఒక వంకతో ఇంటికి వచ్చేవాడు. మళ్లీ పాత బరమతోనే పనిచేయసాగాడు. ఎదురుగా కూర్చోవడానికి తమ్ముణ్ని పిలిచేవాడు. భార్యను పిలిచేవాడు కాదు. దొర యంత్రం కొనుక్కుంటానని శంకరపల్లి నుంచి ఒకరు వచ్చారు. అతను అమ్మలేదు. దానికోసం వచ్చినవాళ్లను కూర్చోబెట్టి, బ్యాటరీ తీసి చేతిలో పెట్టి, ఇది బయట ఉన్నప్పుడే అది చచ్చినట్టు, లోపల ఉన్నంతసేపూ మీట వదిలినా అది బతికే ఉన్నట్టు అని చెప్పేవాడు. వాళ్లు అతని భార్య చేతివైపు చూసి తొందరగా లేచిపోయేవారు.

జూలైలో పరీక్ష రోజున బస్సులు నడిచాయి. సమితి ఆఫీసు పెద్ద గదిలో ఎనిమిది టైపు మిషన్లు పెట్టారు. ప్రేమదాసు కిటికీ పక్కన గోడ నీడలో కూర్చున్నాడు. లోపలికి చూడలేదు. విన్నాడు.

గంట కొట్టగానే ఎనిమిది మిషన్లూ ఒక్కసారి మొదలయ్యాయి. మొదటి నిమిషం ఏమీ తెలియలేదు. అన్నీ కలిసి వర్షం పడుతున్నట్టుంది. తరువాత మెల్లగా ఒక చప్పుడు మిగతావాటి నుంచి విడిపడింది. నాలుగైదు అక్షరాలు వడివడిగా, ఆ వెంటనే చిన్న సందు. మళ్లీ వడివడిగా, మళ్లీ సందు. నాలుగో వేలు తనది కాని చోటుకు చేరుకునే సమయం అది. ప్రతి సందులోనూ ప్రేమదాసు భుజాలు ముందుకు వంగాయి, తాను తోస్తే ఆ వేలు తొందరగా చేరుతుందన్నట్టు. పది నిమిషాల్లో ఎన్ని సందులో లెక్కపెట్టడం మొదలుపెట్టి వంద దగ్గర వదిలేశాడు.

కరుణమ్మ చివరన బయటికి వచ్చింది. జుట్టు చెమటకు నుదుటికి అతుక్కుని ఉంది.

"ఇరవై ఆరు," అంది.

ముప్పై కావాలని ఇద్దరికీ తెలుసు.

"తప్పులు?"

"ఒక్కటి కూడ లేవు. సారు కాగితం రెండుసార్లు చూసిండు. చెయ్యి అడ్డం పెట్టుకుని దాచిన. అయినా చూసిండు. నాలుగు మాటలు తక్కువైనయి అమ్మా, నేనేం జేస్త అన్నడు. మంచాయనే."

ఇద్దరూ బస్సు ఆగే చోటికి నడిచారు. దారిపొడుగునా గోడల మీద నినాదాలు. మన ఉద్యోగాలు మనకే. ఆ అక్షరాలు ఉన్న పలకలు ఆ రోజు తన అరుగు మీద నలభై ఉండేవి. ప్రేమదాసు తల దించుకుని నడిచాడు. ఎదురుగా ఒక లారీ దుమ్ము లేపుకుంటూ పోయాక ఆగిపోయాడు.

"కరుణా, ఆ రోజు డాక్టరమ్మ అడిగినప్పుడు నేను గనుక..."

"వద్దు."

"ఒక్క మాట చెప్పనీ."

"నాకు కూడ నోరున్నది. నన్ను కూడ అడిగింది. నీ మొహం చూసి ఊకున్న." ఆమె వేలు పోయిన చేతిని కొంగులో చుట్టుకుంది. "ఆ మాట నువ్వు ఎత్తినప్పుడల్లా లేని వేలు గుంజుతది. నిజంగ గుంజుతది. ఇంట్ల కూడ ఎత్తకు. ఒట్టు పెట్టు."

అతను ఒట్టు పెట్టాడు. చెప్పుకుంటే కొంత తేలికవుతుందని రెండు నెలలుగా దాచుకున్న మాటలవి. ఇక వాటిని ఎవరికీ చెప్పుకోవడానికి లేదు.

మొయినాబాదు బస్సు వచ్చింది. జనం కిక్కిరిసి ఉన్నారు. కరుణమ్మ ఎడమచేత్తో కమ్మీ పట్టుకుని మెట్టెక్కింది. వెనక నిలబడిన ప్రేమదాసు ఆమె జారకుండా రెండు చేతులూ చాచి ఉంచాడు. ఆమె జారలేదు.